గిన్నె అడుగున పేరు

మా ఊళ్ళో మగవాళ్ళ పేర్లు చూడాలంటే తల ఎత్తితే చాలు. ఇనుప సామాన్ల కొట్టు బోర్డు మీద, ఉత్తరాల డబ్బాల మీద, చర్చి బల్లలకు కొట్టిన ఇత్తడి రేకుల మీద, ఆఖరికి బేస్‌బాల్ మైదానం గేటు మీద కూడా వాళ్ళ పేర్లే. ఆడవాళ్ళ పేర్లు చూడాలంటే మాత్రం గిన్నెలు బోర్లించాలి.

ఎవరింట్లో చావైనా, పెళ్ళైనా, చర్చిలో భోజనాలైనా మేము తలా ఒక గాజు గిన్నె పట్టుకెళతాం. నలభై గిన్నెలు ఒకేలా ఉంటాయి కాబట్టి అడుగున తెల్ల టేపు ముక్క అంటించి పేరు రాసుకుంటాం. గిన్నె తిరిగి ఇల్లు చేరాలి కదా. నేను లారెల్ ఫోర్క్‌కు కోడలిగా వచ్చిన కొత్తలో అలాగే ఒక శుక్రవారం మధ్యాహ్నం టేపు మీద పేరు రాస్తుంటే, మా అత్తగారు హెస్టర్ నా భుజం మీంచి తొంగిచూసి, "అంత పెద్దక్షరాలెందుకమ్మా వెల్డా? చిన్నగా రాయి. గిన్నె నీదే కావచ్చు, పరువు మన రాట్లిఫ్‌లది" అంది. ముప్పై ఏడేళ్ళుగా చిన్నగానే రాస్తున్నాను. గిన్నెలు మాత్రం బుద్ధిగా ఇంటికి వస్తూనే ఉన్నాయి.

ఇంటికి రానివి వేరే ఉన్నాయి. వాటి గురించే ఈ గోల.

మా ఆయన హర్షెల్ గనిలో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాడు. మనిషి మంచివాడు, కొంచెం బద్ధకం, గొంతు మాత్రం దేవుడు తీరిగ్గా కూర్చుని చేశాడు. చర్చిలో ఆయన ప్రకటనలు చదువుతుంటే పక్క ఊరి పాస్టరు కూడా అసూయపడతాడు. ఆ గొంతు విని, పన్నెండేళ్ళ కిందట మా ఊరి చిన్న రేడియో స్టేషన్ వాళ్ళు శనివారం పొద్దున రెండు గంటలు పాత కంట్రీ పాటలు వెయ్యమని అడిగారు. హర్షెల్ ఎగిరి గంతేశాడు. మొదటి వారం మైకు ముందు కూర్చున్నాడు, పాట పేరు చెప్పాడు, ఆపైన నోరు పెగల్లేదు. చెప్పడానికి ఏమైనా ఉంటే కదా! పాటలు ఆయనవి కావు. ఆరు వందల పైచిలుకు రికార్డులు మా నాన్నవి, ఆయన తరవాత నేను ఊరూరా తిరిగి ఏరుకొచ్చినవి. ఇంటికొచ్చి మంచం మీద వాలిపోతే నేనే జాలిపడి, "పోనీలే, వచ్చే వారానికి నాలుగు ముక్కలు రాసిస్తా, చదివెయ్" అన్నాను. ఆ జాలి పన్నెండేళ్ళు నడిచింది.

రాయడానికి నాకు దొరికినవి వంటలు రాసుకునే కార్డులు. పెళ్ళికి ఎవరో కట్టలు కట్టలు ఇచ్చారు. ఒక మూల పొయ్యి బొమ్మ, దాని పక్కన పేరుకు ఒక ఖాళీ గీత, గీత పక్కన "గారి వంటింటి నుంచి" అని అచ్చు. వంటలు నాకు నోటికొచ్చు కాబట్టి కార్డులు ఊరికే పడున్నాయి, అవి అయిపోయాక అలాంటివే కొనుక్కున్నాను. శుక్రవారం స్కూల్లో మూడు వందల మంది పిల్లలకు భోజనం వండి, వడ్డించి, బల్లలు తుడిచి ఇంటికొచ్చాక, వంటింటి బల్ల దగ్గర కూర్చుని పద్దెనిమిది పాటలు ఏరి పద్దెనిమిది కార్డులు రాసేదాన్ని. ఆ గీత మీద మాత్రం ఎప్పుడూ ఏమీ రాయలేదు. హర్షెల్ పేరు రాస్తే అబద్ధం, నా పేరు రాస్తే గొడవ.

అయినా ఆ శుక్రవారాలంటే నాకు ప్రాణం. ఆ మాట దాచను. పాత కంట్రీ పాటంటే మూడు వాయిద్యాలు, రెండున్నర నిమిషాలు, అందులో ఒక బతుకు. మొదటి చరణంలో పెళ్ళి, రెండో చరణంలో సారా సీసా, మూడో చరణంలో రైలో సమాధో. మధ్యలో స్టీల్ గిటారు జారుతూ మూలిగే ఆ మూలుగు వినపడితే చేతిలో గరిటె ఆగిపోతుంది. జనం వాటిని ఏడుపు పాటలంటారు. నన్నడిగితే కాదు. ఏడవడం అయిపోయాక, మొహం కడుక్కుని, ఇంటికొచ్చినవాళ్ళకు కాఫీ పోస్తూ మాట్లాడే గొంతుతో పాడే పాటలవి. అందరిలోకీ నాకిష్టమైన గొంతు ఆర్డిత్ మేబ్రీది. మూడంటే మూడు రికార్డులు చేసింది, పెళ్ళి చేసుకుంది, మళ్ళీ ఎక్కడా వినపడలేదు. రికార్డు అట్ట వెనక గిటారు వాయించినవాడి పేరుంది, ఫోటో తీసినవాడి పేరుంది, ఆవిడ చొక్కా కుట్టిన దర్జీ పేరు కూడా ఉంది. పాట రాసినవాళ్ళ పేరు దగ్గర ఆవిడ మొగుడి పేరుంది. పాటలో ఏముందంటే, తెల్లారి పిండి పిసికేటప్పుడు ఉంగరం వేలికి పిండి అంటుకుంటే ఎంత కడిగినా ఉంగరం కింద ఉండిపోయే ఆ జిగట గురించి ఉంది. ఏ మగాడు రాశాడమ్మా అది?

కార్డు రాయడంలో అసలు కష్టం పాట ఏరడం కాదు. నా జ్ఞాపకాలకు ప్యాంటు తొడగడం. పాటను నేను విన్నది పాలసీసా మరిగిస్తూనో, అత్తగారి కాళ్ళకు నూనె రాస్తూనో. అది హర్షెల్ నోట పలకాలంటే కుదరదు కదా! అందుకని పాలసీసా కాస్తా టిఫిన్ డబ్బా అయ్యేది, వంటిల్లు గని గేటయ్యేది. మా నాన్న నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని రేడియో తిప్పిన సాయంత్రం, హర్షెల్‌ను వాళ్ళ నాన్న ఒళ్ళో కూర్చోబెట్టుకున్న సాయంత్రమయ్యేది. మా మావగారు పిల్లల్ని ఒళ్ళో కూర్చోబెట్టుకున్న మనిషే కాదు. శనివారం అది రేడియోలో వస్తుంటే ఊరంతా కళ్ళు తుడుచుకునేది. "ఎంత సున్నితమైన మనసు మీ ఆయనది! అదృష్టవంతురాలివి" అని కూరగాయల కొట్లో నా చెయ్యి పట్టుకుని చెప్పేవాళ్ళు. సొమ్మొకడిది, సోకొకడిది. నేను నవ్వి క్యాబేజీ ఏరుకునేదాన్ని.

నాకు రెండో పిచ్చి సినిమాలు. మా ఊళ్ళో హాలు మూతపడి చాలా కాలమైంది. లైబ్రేరియన్ డెల్ఫియా నెలకో మంగళవారం సాయంత్రం లైబ్రరీ నేలమాళిగలో మడత కుర్చీలు వేసి, ఎవరెవరో సొంతంగా, తక్కువ మందితో తీసుకున్న చిన్న చిన్న ఇండిపెండెంట్ సినిమాలు వేస్తుంది. పెద్ద హాళ్ళకు ఎన్నడూ రాని సినిమాలు. మేం ఏడుగురం చూస్తాం, ఒకళ్ళు నిద్రపోతారు. ఆ సినిమాల్లో కార్లు పేలవు. ఒకామె బస్సు కోసం ఎదురుచూస్తుంది, కెమెరా కూడా ఆమెతోపాటు నిలబడి ఎదురుచూస్తుంది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు జల్లుమంది. ఇంత ఓపిగ్గా ఒక ఆడమనిషి వంక చూడొచ్చని అప్పటిదాకా నాకు తెలీదు.

హర్షెల్ ఒకే ఒక్కసారి వచ్చాడు. ఆ రోజు సినిమాలో ఒకావిడ, వీపు మనవైపు, నాలుగు నిమిషాలు గిన్నెలు కడిగింది. మొదటి నిమిషం కుర్చీలో కదిలాడు. రెండో నిమిషం దగ్గాడు. మూడో నిమిషం నా చెవి దగ్గరకు వంగి, "ఇందులో ఏం జరగట్లేదే. ఆవిడ గిన్నెలు కడుగుతోంది అంతే. ఇది ఇంట్లో చూసుకోవచ్చు కదా" అన్నాడు.

"ఎప్పుడైనా చూశావా?" అన్నాను.

వెనక కూర్చున్న డెల్ఫియా నవ్వాపుకోలేక బయటికి పరిగెత్తింది. హర్షెల్ మళ్ళీ రాలేదు.

ఆ డెల్ఫియా పుణ్యమే రెనే మా ఊరికి రావడం. లెక్సింగ్టన్ నగరంలో ఉంటుంది, ముప్పై అయిదేళ్ళుంటాయి, తన సినిమాలు తనే తీసుకుంటుంది, కెమెరా కూడా తనే మోస్తుంది. మా రేడియో కార్యక్రమం మీద అరగంట సినిమా తీస్తానని ఏప్రిల్లో వచ్చింది. ఇంకేం, హర్షెల్ రెండు చొక్కాలు ఇస్త్రీ చేయించుకున్నాడు. చేయించుకున్నాడంటే నేను చేశాను.

మొదటి శనివారం స్టేషన్లో రెనే కెమెరా ఆయన మొహం మీద పెట్టి అడిగింది: "ఇన్ని కథలు ఎలా గుర్తుంటాయండీ మీకు?"

"అంతా ఇక్కడే ఉంటుందమ్మా" అని హర్షెల్ నుదురు తట్టుకున్నాడు. "ఆ కార్డులు ఊరికే, వరస తప్పకుండా."

"మరి మీ ఆవిడ?"

"వెల్డానా? బంగారం! కాఫీ పోస్తుంది, ఫోన్లు ఎత్తుతుంది. పాటల మీద తనకి పెద్దగా ధ్యాస లేదులే."

నేను రెండడుగుల దూరంలో కాఫీ ఫ్లాస్కు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఒళ్ళు మండిపోయింది. ఆయన కావాలని అనలేదు, అదే మరీ మంట. అబద్ధం చెబుతున్నానని ఆయనకు తెలిస్తే కనీసం నా వంక చూసేవాడు.

ఆ మధ్యాహ్నం చర్చిలో భోజనాలు. అన్నీ అయ్యాక వంటగదిలో గిన్నెలు బోర్లించి ఎవరివి వాళ్ళకు సర్దుతుంటే రెనే వచ్చి నా పక్కన నిలబడి ఒక గిన్నె తిప్పి చూసింది.

"ఈ పేర్లెందుకండీ?"

"లేకపోతే ఎవరో ఒకరు తమదనుకుని పట్టుకెళ్ళిపోతారమ్మా" అన్నాను. "వాళ్ళు దొంగలు కారు. కొన్నాళ్ళు వాడితే ఎవరికైనా తమదే అనిపిస్తుంది."

ఆ మాట నా నోట్లోంచి వచ్చింది, నా చెవికే ముందు తగిలింది. చేతిలో గిన్నె అలాగే పట్టుకుని ఉండిపోయాను. రెనే కెమెరా ఎత్తలేదు. మంచి పిల్ల.

తరవాతి శుక్రవారం వంటింటి బల్ల దగ్గర కూర్చుని పద్దెనిమిది కార్డులు రాశాను. ఎప్పటికన్నా తొందరగా అయిపోయాయి, ప్యాంటు తొడిగే పని లేదు కదా. ఏది ఎలా జరిగిందో అలాగే రాశాను. మొట్టమొదటిసారి గీత మీద నా పేరు కూడా రాశాను. హర్షెల్ ముందుగా చదివి చూసుకోడని నాకు తెలుసు. "ముందే చదివితే తాజాదనం పోతుంది" అంటాడు. ఆయన్ని నవ్వులపాలు చేద్దామని చెయ్యలేదు. సరే, ఎందుకు బుకాయించడం, కొంచెం ఉంది.

శనివారం తొమ్మిది. అద్దానికి అవతల హర్షెల్, ఇస్త్రీ చొక్కా. ఇవతల నేను, రెండు ఫోన్లు. మూల కెమెరా వెనక రెనే. హర్షెల్ మొదటి కార్డు తీశాడు. తేనె పోసినట్టు మొదలుపెట్టాడు.

"ఆర్డిత్ మేబ్రీ పాట ఇది. అరవై రెండో సంవత్సరం, మార్చి నెల. పెరట్లో తీగ మీద పొత్తిగుడ్డలు ఆరేస్తున్నాను..." ఇక్కడ కనుబొమ్మలు కదిలాయి. కానీ గొంతు అలవాటుపడిన గుర్రం కదా, ఆగలేదు. "నోట్లో రెండు క్లిప్పులు. కిటికీలో రేడియో. పాట మొదలైంది. వంగి ఇంకో గుడ్డ తీద్దామంటే వంగలేను. అప్పటికి నాకు ఏడో నెల కడుపు..."

జిల్లాకు జిల్లా అంతా విన్నది. హర్షెల్ కార్డు వంక చూశాడు, తన పొట్ట వంక చూసుకున్నాడు, సూది తీసి రికార్డు మీద పడేశాడు.

రెండు ఫోన్లూ ఒక్కసారే మోగాయి. మొదటిది ఇమోజీన్, హర్షెల్ అక్క. "ఏమే వెల్డా, మా తమ్ముడికి ఏడో నెలటగా! కడుపులో మాట కడుపులోనే దాచాడే! అటక మీద మా ఊయల ఉంది, పంపనా?" నాకు నవ్వాగలేదు. రెండో ఫోనులో ఎవరో పేరు కూడా చెప్పకుండా, "పొత్తిగుడ్డలు ఆరేశాడా? మా ఆయనకు తీగ ఎక్కడుందో కూడా తెలీదు. హర్షెల్‌ని ఒకసారి మా ఇంటికి పంపు తల్లీ" అని పెట్టేసింది.

మూడో ఫోను కొండ పైనుంచి, నెవా అనే ముసలావిడ. ఆవిడ నవ్వలేదు. "వెల్డా, ఆ మాటలు నీవి కదా?"

"అవును నెవా."

"మొన్న హర్షెల్ చదివిన అమ్మ గాజుల పెట్టె కథ? ఆ మంచు రోజు కథ?"

"అవీ నావే."

"అనుకున్నా. మగవాడికి అంత గుర్తుండదు. నేనూ ఆ పాట గుడ్డలు ఆరేస్తూనే విన్నాను తల్లీ. ఆ తరవాత ఏమైందో చెప్పమను." అంతలోనే మాట మార్చింది. "వాడినెందుకు, నువ్వే చెప్పు."

పాట నిడివి రెండు నిమిషాల నలభై సెకన్లు. అందులో నిమిషం అయిపోయింది. హర్షెల్ తలుపు తీసుకుని కార్డులు చేత్తో పట్టుకుని బయటికి వచ్చాడు.

"ఏంటే ఇది?"

"నా జ్ఞాపకం."

"మరి నాకెందుకిచ్చావ్?"

"పన్నెండేళ్ళుగా ఇస్తున్నదే కదా."

ఆయన కుర్చీలో కూలబడ్డాడు. "మా నాన్న నన్ను ఒళ్ళో కూర్చోబెట్టుకుని రేడియో తిప్పడం..."

"అది మా నాన్న."

"నాకు నిజంగానే గుర్తున్నట్టుంది వెల్డా" అన్నాడు. గొంతు చిన్నపిల్లాడిదిలా ఉంది. "ఆయన చొక్కాకి పొగాకు వాసన కూడా గుర్తుంది."

నాకు జాలేసింది. జాలి నా జబ్బు. పన్నెండేళ్ళ కిందట కూడా ఇలాగే వేసింది. ఈసారి కార్డు రాసివ్వడానికి చేతులు రాలేదు. "వాసన నేను బాగానే రాశాను" అన్నాను.

లోపల ఆఖరి చరణం మొదలైంది. హర్షెల్ రెండో కార్డు చూసుకున్నాడు, చెవులు ఎర్రబడ్డాయి. "ఇది నేను చదవలేనే తల్లీ. ఇందులో పాలివ్వడం ఉంది."

"తెలుసు."

"మరెవరు చదువుతారు?"

ఆయన కార్డుల వంక చూశాడు, పైన గీత మీద నా పేరు మొదటిసారి చూశాడు. ఒకటి తిప్పి ఇంకొకటి, ఇంకొకటి. పద్దెనిమిదింటి మీదా ఉంది. స్టీల్ గిటారు ఆఖరి మూలుగు మూలిగింది. రికార్డు ఖాళీ గీతల్లో సూది గరగరమంటోంది. హర్షెల్ కట్టంతా నా చేతిలో పెట్టాడు. "పో" అన్నాడు, "గరగర వినపడుతోంది."

మైకు ముందు కుర్చీ ఆయన ఒంటి వేడికి ఇంకా వెచ్చగా ఉంది. స్కూల్లో మూడు వందల మందిని కేకేసి వరసలో నిలబెట్టే గొంతు నాది, అది ఎక్కడికి పోయిందో తెలీదు. ఏం చెప్పాలో తోచక కార్డు మీద మొదట ఏముంటే అది చదివాను.

"వెల్డా రాట్లిఫ్ గారి వంటింటి నుంచి."

అవతల ఫోన్లు మోగడం ఆగిపోయింది. అందరూ వింటున్నారని తెలిసింది. కార్డు పక్కన పెట్టేశాను. "ఆ రోజు ఆ పాటతో నాకూ పాడాలనిపించింది" అన్నాను. "నోట్లో క్లిప్పులుండి పాడలేకపోయాను. ఇన్నాళ్ళకు తీస్తున్నాను, కాస్త ఓపిక పట్టండి." ఆ తరవాత నా నోటికి ఆపు లేదు. రెండు గంటలు అయిపోయి, వాతావరణం చెప్పాల్సిన టైము కూడా నేనే తినేశాను.

హర్షెల్ మూడు రోజులు మొహం మాడ్చుకున్నాడు. ఊళ్ళో మగవాళ్ళు పెట్రోలు బంకు దగ్గర ఎన్నో నెలని అడిగితే మరో రెండు రోజులు. ఆరో రోజు వచ్చి నా ఎదురుగా కూర్చుని, "చావుకబుర్లూ వాతావరణం నేను చదవనా? వాటికి నా గొంతే బావుంటుంది" అన్నాడు. నిజమే, బావుంటుంది. సరేనన్నాను. అప్పట్నుంచి తొమ్మిదింటికి అవి చదివేసి ఇంటికి పోతాడు. ఫోన్లు ఇమోజీన్ ఎత్తుతుంది. పాటలు నావి, మాటలు నావి.

సెప్టెంబర్లో రెనే సినిమా లైబ్రరీలో వేశారు. ఏడుగురు వచ్చే నేలమాళిగకు ఎనభై మంది వచ్చారు, కుర్చీలు చాలక మెట్ల మీద కూర్చున్నారు. మా అత్తగారికి ఎనభై ఒకటి, ముందు వరసలో కళ్ళజోడు తుడుచుకుంటూ కూర్చుంది. ఏడో నెల కడుపు దగ్గర జనం తొడలు చరుచుకుని నవ్వారు, హర్షెల్ కూడా నవ్వాడు. ఆఖరున ఏం పెట్టిందో మాకెవరికీ చెప్పలేదు రెనే. ఒక శనివారం నేను స్టేషన్లో ఉండగా మా ఇంటికి వెళ్ళిందట.

తెర మీద మా వంటిల్లు. కిటికీలో రేడియో, అందులో నా గొంతు. తొట్టి దగ్గర హర్షెల్, వీపు మనవైపు. గిన్నెలు కడుగుతున్నాడు. కెమెరా కదలదు. ఒక నిమిషం, రెండు నిమిషాలు.

"ఎంతసేపు పెట్టిందే నా మీద?" అని చీకట్లో నా చెవిలో గొణిగాడు.

"ఊరుకో, సినిమా చూడనీ" అన్నాను.

తెర మీద హర్షెల్ పెద్ద గాజు గిన్నె బోర్లించాడు. అడుగున టేపు ముక్క. ఆగాడు. అది తడవకుండా చుట్టూ వేలితో నిమ్మళంగా తుడిచాడు. కెమెరా అదే ఓపికతో మెల్లగా దగ్గరకు వెళ్ళింది. అప్పుడు ముందు వరసలోంచి మా అత్తగారు వెనక్కి తిరిగి అరిచింది.

"ఏమే వెల్డా! పేరు అంత చిన్నగా రాసి చచ్చావేమే? ఇక్కడికి కనపడట్లేదు!"